కాలువ గట్ల మీదుగా మధ్య ఫ్రాన్స్: కార్లు లేని సైకిల్ యాత్రకు ఏర్పాట్లు

మధ్య ఫ్రాన్స్ పల్లెల్లో కార్ల మొహం పెద్దగా చూడకుండా వారం రోజులు సైకిల్ తొక్కొచ్చు. లువార్, అలియే, షేర్ నదుల మధ్య పాత కాలువలు, మూతపడిన రైలు మార్గాలు, నది కరకట్టలు ఒకదాన్నొకటి అందుకుంటూ పోతాయి. అయితే ఈ దారుల్లో ప్రయాణం చెడేది దారి మీద కాదు, దారికీ దారికీ మధ్య ఉన్న అతుకుల దగ్గర. రెండు వందల కిలోమీటర్ల మంచి గట్టు గురించి ఆలోచించాల్సింది తక్కువ. ఆ గట్టు ఆగిపోయి, ఆరు కిలోమీటర్ల తర్వాత మళ్లీ మొదలయ్యే చోటే మ్యాపు ముందు కూర్చోవాలి.

బోర్డు మీద ఏం రాసుందో చూడండి

ఫ్రాన్స్‌లో రెండు పేర్లు కలగాపులగంగా వినిపిస్తాయి. "వ్వా వేర్త్" అంటే మోటారు బండ్లకు ప్రవేశం లేని దారి. నీలం చదరపు బోర్డు ఉంటుంది. నడిచేవాళ్లు, సైకిళ్లు, స్కేటింగ్ చేసేవాళ్లు, కొన్నిచోట్ల గుర్రాలు కూడా ఆ దారినే వాడతాయి. "వేలోరూత్" అంటే బోర్డులు పెట్టిన దూరప్రయాణ సైకిల్ మార్గం మాత్రమే. అందులో కొంత వ్వా వేర్త్ ఉంటుంది, మిగతాది ఊరి రోడ్డు, పొలం రోడ్డు, ఒక్కోసారి వంతెన కోసం పెద్ద రోడ్డు కూడా. బ్రోషర్‌లో "300 కిలోమీటర్ల వేలోరూత్" అని ఉంటే మొత్తం కార్లు లేని దారి అనుకోకండి. పిల్లలతో వెళ్లేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఈ లెక్క దగ్గరే.

దారి పుట్టుకను బట్టి దాని గుణం ఉంటుంది. పాత రైలు మార్గమైతే ఎక్కుడు రెండు మూడు శాతం దాటదు, కానీ ఆ రెండు శాతం పది కిలోమీటర్లు ఆగకుండా సాగొచ్చు. కాలువ గట్టయితే లాకు (పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి ఎక్కించి దించే తలుపుల గది) దగ్గర మాత్రం రెండు మూడు మీటర్లు ఎక్కి, మళ్లీ చదును. కరకట్ట మీద ఎక్కుడూ ఉండదు, నీడా ఉండదు. లువార్ పక్కన మధ్యాహ్నపు ఎండలో, ఎదురుగాలిలో కరకట్ట మీద ఇరవై కిలోమీటర్లంటే కొండ ఎక్కినంత పని.

ఏ దారి ఎంచుకోవాలి

మొదటిసారి వెళ్లేవాళ్లకు నెవేర్ ఊరు కేంద్రంగా పెట్టుకోవడం తేలిక. పారిస్ బెర్సీ స్టేషన్ నుంచి నేరుగా రైలుంది. అక్కడి నుంచి లువార్ పక్క కాలువ రెండు వైపులా సాగుతుంది. ఇది 1838లో తెరిచిన కాలువ. డిగ్వాన్ నుంచి బ్రియార్ వరకు 196 కిలోమీటర్లు.

ఉత్తరానికి తిరిగితే లువార్-ఆ-వేలో మార్గం. నెవేర్ దగ్గరి క్యుఫీ నుంచి అట్లాంటిక్ తీరంలోని సాన్-బ్రెవాన్ వరకు దాదాపు 900 కిలోమీటర్ల దారికి ఇది తూర్పు కొస. క్యుఫీ దగ్గర ల్ గెతాన్ అక్విడక్టు (కాలువను మోసే వంతెన) మీద కాలువ అలియే నదిని దాటుతుంది. 18 కమానులు, 343 మీటర్లు, చివర రెండు లాకులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అక్కడి నుంచి బ్రియార్ వరకు 90 కిలోమీటర్ల పైచిలుకు దారిలో గట్టు, కరకట్ట, చిన్న రోడ్లు కలిసి ఉంటాయి. తొందర లేకపోతే రెండు రోజులు పెట్టుకోండి. మధ్యలో సాంసేర్ ఊరు కొండ మీద కనిపిస్తూ రమ్మంటుంది. కింద సాన్-సాత్యూర్‌లో సంచులు దించి ఖాళీ సైకిల్‌తో ఎక్కడం తెలివైన పని, ఆ వాలు రైలు మార్గం వాలు కాదు. బ్రియార్‌లో 1896 నాటి అక్విడక్టు 662 మీటర్లు. నీటి పక్కన ఉన్నది నడిచేవాళ్ల బాట, సైకిల్ దిగి నడిపించుకుంటూ దాటండి. ఈ వైపు వెళ్లడంలో ఇంకో మేలుంది. నెవేర్, లా షరితే, కోన్, బ్రియార్, జ్యాన్ స్టేషన్లన్నీ ఒకే రైలు మార్గం మీద, నదికి కుడి గట్టున ఉన్నాయి. వాన పట్టుకున్నా, మోకాలు పట్టుకున్నా వంతెన దాటితే రైలు దొరుకుతుంది.

ఆగ్నేయానికి తిరిగితే యూరోవేలో 6 అనే యూరప్ దూరప్రయాణ సైకిల్ మార్గంలో డెసీజ్ మీదుగా డిగ్వాన్, అక్కడి నుంచి పారే-ల్-మోనియాల్. నెవేర్ నుంచి డిగ్వాన్ సుమారు 110 కిలోమీటర్లు, ఆ తర్వాత పారే పన్నెండు పదమూడు. ఊళ్లు దూరదూరంగా ఉంటాయి, పశువుల మేత బీళ్లు, తెల్లటి షారోలే ఆవులు. తిండి, నీళ్లు ముందే చూసుకోవాల్సిన భాగమిది. డెసీజ్, పారేలలో స్టేషన్లున్నాయి. పారే నుంచి సాంత్ర్ కాలువ పట్టుకుంటే షాలోన్-సుర్-సోన్ వరకు పోవచ్చు.

బెర్రీ కాలువ వేరే రకం. 1955లో పడవలకు మూసేసిన కాలువ ఇది. లాకులు 2.70 మీటర్ల వెడల్పే, బొమ్మ కాలువలా ఉంటుంది. కొన్నిచోట్ల నీళ్లున్నాయి, కొన్నిచోట్ల రెల్లు, కొన్నిచోట్ల పూడ్చేశారు. షేర్ లోయలోని సెల్-సుర్-షేర్, వియెర్జోన్, బూర్జ్, సాంత్-అమాన్-మోన్‌రోన్, మోన్‌లుసోన్ ఊళ్లను కలుపుతూ వీ46 నంబరు సైకిల్ మార్గాన్ని ఈ కాలువ వెంట వేశారు. భాగాలు దశలవారీగా తెరిచారు గనక పాత మ్యాపునీ పాత బ్లాగునీ నమ్మొద్దు. బయలుదేరే నెలలో షేర్, అలియే జిల్లాల పర్యాటక కార్యాలయాల పేజీలో తాజా మ్యాపు తీసుకోండి. జనం తక్కువ, నీడ ఎక్కువ. వేసవి మధ్యలో వెళ్లక తప్పనివాళ్లకు లువార్ కంటే ఇదే మంచి దారి.

నివెర్నే కాలువ (డెసీజ్ పక్కనున్న సాన్-లెజే నుంచి ఓసేర్ దాకా 174 కిలోమీటర్లు) అందంలో అన్నిటికంటే ముందు, రోడ్డు ఉపరితలంలో అన్నిటికంటే వెనక. కొన్ని భాగాలు గడ్డి గట్లే. కాలువ అన్నిటికంటే ఎత్తుకు చేరే చోట లా కొలాన్సెల్ ఊరి కింద మూడు సొరంగాల్లో కాలువ పోతుంది, వాటిలో నడకబాట లేదు. కాబట్టి సైకిల్ కొండ మీది రోడ్డు పట్టాల్సిందే. దాటాక సార్డీ వైపు పదహారు లాకులు మెట్లలా దిగుతాయి. 40 మి.మీ. టైరు లేనివాళ్లు ఈ కాలువను వాన తర్వాత ముట్టుకోకపోవడం మేలు.

పిల్లలతో రెండు మూడు రోజులే అయితే పైవేవీ వద్దు. కాస్త తూర్పున, బర్గండీ దక్షిణాన జీవ్రీ–క్లూనీ దారి ఉంది. 1997లో తెరిచిన ఇది ఫ్రాన్స్‌లో మొదటి వ్వా వేర్త్, పాత రైలు మార్గం మీద 44 కిలోమీటర్లు, మొత్తం తారు. క్లూనీ నుంచి మాకోన్ వైపు వెళ్తే బ్వా-క్లేర్ సొరంగం 1.6 కిలోమీటర్లు. లోపల చలి, లైటూ జాకెట్టూ పైనే పెట్టుకోండి. చలికాలంలో గబ్బిలాల కోసం దాన్ని మూసేస్తారు, అప్పుడు కొండ మీదుగా వెళ్లాలి.

అతుకులు వెతికే పద్ధతి

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే సైకిల్ మ్యాపు ఏదైనా తెరిచి, మీ మార్గాన్ని మూడు రంగుల్లో గుర్తు పెట్టుకోండి: మోటారు లేని భాగం, ఊరి రోడ్డు, జిల్లా రోడ్డు. మూడో రంగు ఎక్కడెక్కడ పడిందో అవే మీ అతుకులు. రెండు వందల కిలోమీటర్లలో ఐదారుకు మించి రావు. ఒక్కోదాన్ని విడిగా చూడాలి.

మిషెలాన్ కాగితం మ్యాపులో రోడ్ల రంగు ఇక్కడ బాగా పనికొస్తుంది. తెల్లది చిన్న రోడ్డు, పసుపు మధ్యరకం, ఎర్రది పెద్ద రోడ్డు. తెల్ల రోడ్డయితే ఏ వేళైనా ఫరవాలేదు. పసుపు రోడ్డయితే వేళ చూసుకోవాలి. ఎర్ర రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తప్పించడానికి పది కిలోమీటర్లు చుట్టు తిరిగినా లాభమే. ఊరు దాటాక ఈ రోడ్ల మీద వేగ పరిమితి గంటకు 80, కొన్ని జిల్లాల్లో 90 కిలోమీటర్లు. కారు మిమ్మల్ని దాటేటప్పుడు ఊరి బయట 1.5 మీటర్లు, ఊళ్లో 1 మీటరు ఎడం ఇవ్వాలని చట్టం. చాలామంది ఇస్తారు. కానీ ప్రమాదానికి, ఎదురుగా బండి వస్తున్నా ఆగని లారీ ఒక్కటి చాలు.

పసుపు రోడ్డుకు మంచి వేళ మధ్యాహ్నం పన్నెండుంపావు నుంచి ఒకటిన్నర. పల్లె ఫ్రాన్స్ అంతా అప్పుడు భోజనం ముందు ఉంటుంది. ఆదివారం ఉదయం కూడా ఖాళీయే. చెడ్డ వేళ సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర. జూలైలో గోధుమ కోతలప్పుడు ధాన్యం ట్రాక్టర్లు చీకటి పడ్డాక కూడా తిరుగుతాయి, అవి మామూలు లెక్కలకు లొంగవు.

వంతెనల్ని ప్రత్యేకంగా చూడండి. లువార్ మీద వంతెనలు తక్కువ. ఉన్నవాటిలో చాలావాటి మీద కార్లూ సైకిళ్లూ ఒకే సందులో పోవాలి. గట్టు దారి ఎంత ప్రశాంతంగా ఉన్నా వంతెన దగ్గర భయపడితే కాలిబాట మీద దిగి నడిపించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

బయలుదేరే ముందురోజు మూసివేతలు చూసుకోండి. చలికాలంలో కాలువల్ని ఎండగట్టి లాకులు బాగుచేస్తారు, గట్టు మీద యంత్రాలుంటాయి. పసుపు బోర్డు మీద "డేవియాసియోన్" (దారి మళ్లింపు) అని బాణం ఉంటే నమ్మి వెళ్లండి. "రూత్ బారే" అని ఉంటే రోడ్డు మూసేశారని. కార్లకు మూసిన చోట సైకిల్ దూరుతుందని చాలామంది ముందుకెళ్తారు. రోడ్డు పనైతే కొన్నిసార్లు దూరుతుంది, వంతెన పనైతే ఎన్నటికీ దూరదు.

సైకిల్, టైరు, ఇసుక

ఈ దారుల్లో ఎక్కువ భాగం తారు గానీ, దిమ్మిస కొట్టిన ఇసుకమట్టి గానీ. రెండోదాన్ని అక్కడ "స్తాబిలిజే" అంటారు. ఎండలో అది తారంత బాగుంటుంది. రెండు గంటలు వాన పడ్డాక పలచటి సున్నపు ముద్దలా మారి, సన్నటి ఇసుక చైనులోకీ బ్రేకుల్లోకీ ఎక్కుతుంది. రిమ్ము మీద పట్టే రబ్బరు బ్రేకులైతే రెండు మూడు తడి రోజులకే అరిగిపోవచ్చు. ఒక జత అదనంగా పెట్టుకోండి. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య వేలు దూరేంత, అంటే ఒక సెంటీమీటరు సందు ఉండాలి. తక్కువుంటే ఇసుక పేరుకుని చక్రం పట్టేస్తుంది.

సాయంత్రం చేయాల్సిన పని పది నిమిషాలే. నీళ్ల సీసాతో మెల్లగా పోసి ఇసుక కడగాలి. జోరు పంపు పెడితే ఇసుక బేరింగుల్లోకి పోతుంది. చైను పొడిగుడ్డతో తుడిచి, ఆరాక ఒక్కో కడీకి ఒక్క చుక్క నూనె వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి. ఇసుక కడగకుండా నూనె వేస్తే అది గరుకు కాగితంలా చైనును తినేస్తుంది. 50 మి.లీ. నూనె వారానికి చాలు.

టైరు 37 నుంచి 42 మి.మీ. మధ్య, గళ్లు పెద్దగా లేనిది, పంచరు పట్టీ ఉన్నది సరిపోతుంది. మనిషి 75 కిలోలు, సామాను పన్నెండు పదిహేను కిలోలు ఉంటే 40 మి.మీ. టైరుకు వెనక 3.5 బార్, ముందు 3 బార్ నుంచి మొదలుపెట్టి, ఇసుకమట్టి మీద ఇంకో 0.3 తగ్గించి చూడండి. మరీ తగ్గిస్తే చెట్ల వేళ్ల దగ్గర రిమ్ము కొట్టుకుని ట్యూబుకు జంట చిల్లులు పడతాయి. వేళ్లంటే గుర్తొచ్చింది: కాలువ పక్క తారు దారుల్లో పాప్లర్, ప్లేన్ చెట్ల వేళ్లు తారును అడ్డంగా లేపేస్తాయి. చెట్ల నీడల చారల మధ్య ఆ మిట్టలు కనపడవు. సంచి కొక్కెం ఊడేదీ, క్యారియర్ బోల్టు సడలేదీ అక్కడే. బోల్టులు రోజూ ఉదయం చేత్తో కదిలించి చూడండి, రెండు అదనపు బోల్టులు, నాలుగైదు ప్లాస్టిక్ టైలు వెంట ఉంచుకోండి.

మిగతా సామాను: ట్యూబులు రెండు, పంచరు పట్టీలు, టైరు లీవర్లు, గాలి పంపు, చైను విరిచే పనిముట్టు, చైను కలిపే లింకు ఒకటి, మీ చక్రానికి సరిపడే స్పోకులు రెండు. ఊళ్లలో సైకిల్ షాపు దొరకడం కష్టం. నెవేర్, బూర్జ్, మోన్‌లుసోన్ లాంటి పట్నాల్లో ఉంటాయి, అవీ సోమవారం చాలావరకు మూత. కంచె పొదలు కత్తిరించాక ముళ్లకొమ్మలు దారి మీదే పడి ఉంటాయి. పంచరు అతికించే ముందు టైరు లోపలంతా వేలితో తడమండి, నల్లముల్లు విరిగి లోపలే ఉండిపోతే రెండో ట్యూబు కూడా పోతుంది.

వ్వా వేర్త్ మొదట్లో, ప్రతి రోడ్డు దాటే చోట గేట్లో గుంజలో ఉంటాయి. సంచులు రెండు వైపులా ఉన్న సైకిల్ కొన్నిటిలో దూరదు, ఒక సంచి తీసి దూర్చాలి. పిల్లల ట్రైలర్ ఉన్నవాళ్లు దాని వెడల్పు కొలిచి పెట్టుకుంటే గేటు గేటుకూ తికమక పడరు. దారి మధ్యలో పాతిన గుంజ ఇంకా ప్రమాదం, ముందున్న సైకిల్‌ను అంటిపెట్టుకుని వచ్చేవాళ్లకు అది ఆఖరి క్షణంలో కనపడుతుంది. ముందువాళ్లు కేక వేయాలి. దారి రోడ్డును దాటేచోట చాలావరకు ఆగాల్సింది సైకిలే, కారు కాదు. అక్కడున్న బోర్డు చూడండి.

గట్టు మీది చిన్న ప్రమాదాలు

గాలం వేసేవాళ్ల పొడుగాటి గడలు దారికి అడ్డంగా ఉంటాయి. దూరం నుంచే గంట కొట్టి నెమ్మదించండి. "బోన్‌జూర్" అంటే చాలు, గడ తీస్తారు. గుర్రం ఎదురైతే గంట కొట్టొద్దు, మాట్లాడుతూ నెమ్మదిగా రండి. మనిషి గొంతు వింటే అది బెదరదు. నీటి వైపు అంచుకు మరీ దగ్గరగా తొక్కకండి. రాగొందాన్ అనే పెద్ద నీటి ఎలుకలు గట్టు కింద బొరియలు తవ్వుతాయి, పైన గడ్డి మామూలుగానే ఉండి చక్రం కింద కుంగుతుంది. చెక్క వంతెన తడిగా ఉంటే బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటాలి.

ఎవరికైనా దెబ్బ తగిలితే 112. పొలాల మధ్య చిరునామా చెప్పడం కష్టం గనక, దాటిన ప్రతి లాకు పేరూ నంబరూ ఒకసారి చదివే అలవాటు చేసుకోండి. లాకు ఇంటి గోడ మీద బోర్డు ఉంటుంది.

సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివర వరకు వేట కాలం. ఆదివారాలు అడవి పక్క భాగాల్లో రంగు జాకెట్టు వేసుకోండి. ఎలాగూ ఊరి బయట రాత్రి గానీ, సరిగా కనపడని వేళ గానీ తొక్కితే మెరిసే జాకెట్టు చట్టప్రకారం తప్పనిసరి. లైట్లు, గంట కూడా ఉండాలి. 12 ఏళ్లలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. చెవిలో ఇయర్‌ఫోన్లు ఉంటే 135 యూరోల జరిమానా.

రోజుకు ఎంత, ఏ వైపు, ఏం తినాలి

సామానుతో రోజుకు 50–60 కిలోమీటర్లు పెట్టుకోండి. తారు మీద గంటకు 15, ఇసుకమట్టి మీద 12–13 వస్తుంది. చదును దారి సుఖమని మొదటిరోజే 90 కొట్టేవాళ్లుంటారు. చదునులో కాళ్లకు విరామం దొరకదు, దిగుడే లేదు కదా. ఒకే భంగిమలో గంటలు గడిచి అరచేతులు తిమ్మిరెక్కుతాయి, సీటు కోసేస్తుంది. పది నిమిషాలకోసారి పెడల్ మీద లేచి నిలబడండి.

గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తుంది. కాబట్టి నదికి ఎదురెక్కుతూ తూర్పుకు పోయేవాళ్లకే లాభం, లువార్ వాలు కాళ్లకు తెలియనంత తక్కువ. మే, జూన్, సెప్టెంబరు నెలలు మంచివి.

తిండికి గడియారమే యజమాని. రొట్టె షాపు ఉదయం ఏడు నుంచి పన్నెండున్నర వరకు తెరిచి, మధ్యాహ్నం మూసి, సాయంత్రం మళ్లీ తీస్తుంది. చాలావరకు సోమవారం సెలవు. ఆదివారం ఉదయం ఉంటుంది, మధ్యాహ్నం ఊళ్లో ఏమీ ఉండదు. హోటల్లో భోజనం పన్నెండు నుంచి ఒకటిన్నర లోపే, రెండింటికి వెళ్తే వంటవాడు వెళ్లిపోయి ఉంటాడు. అందుకని పదకొండు గంటల ఊళ్లోనే మధ్యాహ్నానికి కొనేయండి. షాపు లేని ఊళ్లలో కొన్నిచోట్ల రొట్టె యంత్రం ఉంటుంది, చిల్లర నాణేలు ఉంచుకోండి. మే 1, జూలై 14, ఆగస్టు 15 సెలవులు. ముందురోజే రెండు పూటలకు కొనుక్కోవాలి.

నీళ్లు రెండున్నర లీటర్ల దాకా మోయండి. అయిపోతే ఊరి శ్మశానానికి వెళ్లండి. గేటు పక్కన పూలమొక్కల కోసం కుళాయి ఉంటుంది, అది దాదాపు ప్రతి ఊళ్లో ఉన్న నీటి వనరు. "ఓ నోన్ పొటాబ్ల్" అని రాసి ఉంటే తాగొద్దు. చలికాలంలో ఈ కుళాయిలు కట్టేస్తారు.

పడుకోవడానికి ఊరి పంచాయతీ నడిపే క్యాంపింగులు చవక. వసంతం చివర నుంచి సెప్టెంబరు దాకా తెరిచి ఉంటాయి. "అక్కెయ్ వేలో" గుర్తున్న లాడ్జీలూ క్యాంపింగులూ బోర్డు పెట్టిన సైకిల్ మార్గానికి 5 కిలోమీటర్ల లోపు ఉండి, సైకిల్ భద్రంగా పెట్టే చోటు, చిన్న మరమ్మతు సామాను ఇస్తాయి.

రైలు

ప్రాంతీయ రైళ్లలో సైకిల్ సాధారణంగా ఉచితం, కొక్కేలు మాత్రం కొన్నే. పారిస్–నెవేర్–క్లెర్మోన్ దూరపు రైల్లో సైకిల్ చోటుకు టికెట్టుతో పాటే 10 యూరోలు కట్టి బుక్ చేసుకోవాలి, వేసవి వారాంతాల్లో అవి ముందే అయిపోతాయి. బెర్సీ నుంచి జ్యాన్, బ్రియార్ మీదుగా నెవేర్‌కు ఆగుతూ వచ్చే ప్రాంతీయ రైళ్లు అప్పుడు ఆదుకుంటాయి. ప్లాట్‌ఫారం మీద సైకిల్ గుర్తున్న పెట్టె దగ్గర నిలబడి, రైలు రాకముందే సంచులు తీసి చేత పట్టుకోండి. కొక్కేనికి ముందు చక్రం పైకి పెట్టి వేలాడదీయాలి గనక బురద సైకిలైతే పక్కవాళ్ల బట్టలు పాడవుతాయి. స్టేషన్‌కు ముందొచ్చే ఊళ్లో కుళాయి కనపడితే అక్కడే కడిగేసుకోండి.